అమ్మకి పిక్ లైన్ పెట్టించమంటున్నారు, ఒప్పుకోవాలా?

ప్రశ్న: సిస్టర్ గారికి నమస్కారం. మాది గుంటూరు. అమ్మకి 56 ఏళ్లు, షుగర్ ఉంది. పెద్దపేగులో క్యాన్సర్ గడ్డకి ఆపరేషన్ అయ్యి నెల దాటింది. ఇప్పుడు విజయవాడలో కీమో మొదలుపెడతామంటున్నారు. రెండు వారాలకోసారి, మొత్తం 12 సార్లట. ప్రతిసారీ ఆస్పత్రిలో కొంత మందు ఎక్కించి, మిగతాది పంపు తగిలించి ఇంటికి పంపిస్తారట. అది రెండు రోజులు ఎక్కుతుందట. అందుకని చేతికి పిక్ లైన్, అంటే చేతి నరంలోంచి లోపలికి వెళ్లే సన్నటి గొట్టం, పెట్టించుకోమన్నారు. "గుండె దాకా గొట్టమా, నావల్ల కాదు" అని అమ్మ ఒకటే ఏడుపు. మామూలు సూది చాలదా, ఇదంతా బిల్లు పెంచడానికే అని మా బాబాయి అంటున్నాడు. పక్కింటివాళ్లేమో రొమ్ము దగ్గర చర్మం కింద పెట్టే పోర్ట్ మేలంటున్నారు. పెట్టేటప్పుడు నొప్పి ఎంత ఉంటుంది? తర్వాత స్నానం, పనులు ఎలా? ఈ ఏడాది ఆవకాయ పెట్టుకోవచ్చా అని కూడా అమ్మ అడగమంది. ఇంట్లో ఉండేది అమ్మా నాన్నా నేనూ. నేను ఉద్యోగానికి వెళ్లక తప్పదు.
ఒక కూతురు, గుంటూరు

సమాధానం: అమ్మా, మీరు అడిగినవన్నీ చెబుతాను. అడగనిది ఒకటుంది, ముందు అది. ఆ లైన్‌కి వారం వారం డ్రెస్సింగ్ ఎవరు చేస్తారు, ఎక్కడ చేస్తారు? కీమో వార్డులో పనిచేసినన్నాళ్లూ నేను చూసింది ఇదే. లైన్ పెట్టించుకునే రోజు గురించి ఇంటిల్లిపాదీ టెన్షన్ పడతారు. పెట్టాక ఆరు నెలలు దాన్ని చూసుకోవడం గురించి ఎవరూ అడగరు. పెట్టడం అరగంట, మహా అయితే గంట పని. తర్వాత వచ్చే తిప్పలన్నీ దాదాపుగా చూసుకోవడం దగ్గరే వస్తాయి. కాబట్టి ఒప్పుకోవాలా వద్దా అనేది మీ వారపు డ్రెస్సింగ్ ఏర్పాటును బట్టి తేల్చుకోవాలి.

ముందు బాబాయిగారి అనుమానం సంగతి చూద్దాం. మీరు రాసిన పద్ధతిని బట్టి ఆ పంపులో మందు 5-ఎఫ్‌యూ అయి ఉండాలి. దాన్ని 46 గంటల పాటు సన్నగా ఎక్కిస్తారు. పంపు అంటే పాలసీసా అంత ప్లాస్టిక్ డబ్బా, లోపల బెలూన్ ఉంటుంది. కరెంటు అక్కర్లేదు, బెలూన్ ముడుచుకుంటూ మందుని నెడుతుంది. ముంజేతికి పెట్టిన మామూలు క్యాన్యులాతో, అంటే బాబాయిగారు చెప్పిన సూదితో, రెండు రాత్రులు ఇంట్లో పడుకుంటే అది ఎప్పుడు జారుతుందో, మందు ఎప్పుడు నరం బయట కండలోకి పోతుందో ఎవరూ చెప్పలేరు. పక్కన నర్సు ఉండదు కదా. పైగా దీనితోపాటు సాధారణంగా ఇచ్చే ఆక్సాలిప్లాటిన్ చేతి నరంలోంచి ఎక్కితే చెయ్యంతా లాగేస్తుంది. నాలుగైదు సార్లు అయ్యేసరికి నరాలు తాళ్లలా గట్టిపడి, సూది గుచ్చడానికి చోటు దొరకదు. కాబట్టి పంపు పెట్టే వైద్యానికి పెద్ద నరంలోకి వెళ్లే లైన్ అవసరమే. ఇందులో బిల్లు పెంచే ఎత్తుగడ ఏమీ లేదు.

అయితే బాబాయిగారి తరఫున డాక్టరుగారిని ఒక్క మాట అడగొచ్చు. పెద్దపేగు క్యాన్సర్‌లో కొంతమందికి పంపు బదులు కేపసైటబిన్ మాత్రలు ఇచ్చి, మూడు వారాలకోసారి ఆక్సాలిప్లాటిన్ ఎక్కించే పద్ధతి కూడా ఉంది. అందులో ఇంటికి పంపు రాదు. అది అమ్మగారికి కుదురుతుందా లేదా అనేది గడ్డ ఏ దశలో ఉంది, కిడ్నీలు ఎలా ఉన్నాయి వంటివి చూసి డాక్టరే చెప్పాలి. కుదరదంటే కారణం చెప్పించుకోండి, అక్కడితో ఆ చర్చ ఇంట్లో ముగుస్తుంది.

ఇక అమ్మగారి భయం. గొట్టం గుండెలోకి వెళ్లదు. మోచేతికి పైన, చేతి లోపలి వైపున్న నరంలోంచి బయలుదేరి, భుజం కింద నుంచి వెళ్లి, గుండెకి సరిగ్గా పైనున్న పెద్ద సిర చివర ఆగుతుంది. అక్కడ రక్తం ధారగా పారుతుంటుంది కాబట్టి మందు పడీ పడగానే కలిసిపోతుంది, నరం గోడని కాల్చదు. అంత దూరం తీసుకెళ్లేది అందుకే. ధైర్యానికి ఆమెకి ఒక సంగతి చెప్పండి. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు తన చేతి నరంలోంచి తనే గొట్టం దూర్చుకుని, ఏకంగా గుండె లోపలికే పంపి, ఆ గొట్టంతోనే నడుచుకుంటూ ఎక్స్‌రే గదికి వెళ్లి ఫొటో తీయించుకున్నాడు. ఆయనకేమీ కాలేదు. 1956లో నోబెల్ బహుమతి పంచుకున్నవాళ్లలో ఆయనా ఒకరు. అమ్మగారికి పెట్టేది అంత దూరం కూడా పోదు.

పెట్టే రోజు ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం భయం పోతుంది. ముందుగా రక్తపరీక్షలు చూస్తారు, ముఖ్యంగా ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే తీరు. రక్తం పలచబడే మాత్రలు ఏవైనా వాడుతుంటే అప్పుడే చెప్పండి. అమ్మగారికి షుగర్ ఉంది కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతుందో కూడా అడగండి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకి పిక్ లైన్ సాధారణంగా పెట్టరు. రేపు డయాలసిస్ అవసరమైతే, దానికోసం చేతిలో నరాలు కలిపి చేసే ఫిస్టులాకి ఆ చేతి నరాలే కావాలి.

బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, చెయ్యి పక్కకి చాపమంటారు. టేపుతో చేతి నుంచి భుజానికి, అక్కడి నుంచి రొమ్ము ఎముక పక్కకి కొలుస్తారు. ఆ కొలతకి గొట్టం కత్తిరిస్తారు. ఎక్కువగా కుడి చెయ్యే ఎంచుకుంటారు, ఆ వైపు దారి తిన్నగా ఉంటుంది. తర్వాత మందుతో చెయ్యంతా రుద్ది, గుడ్డలు కప్పి, అల్ట్రాసౌండ్‌లో నరం చూస్తూ మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. నొప్పి అంటే ఇదొక్కటే, కొన్ని క్షణాలు మంట. తర్వాత నొక్కినట్టు, నెట్టినట్టు తెలుస్తుంది తప్ప నరం లోపల గొట్టం పోతున్నట్టు తెలియదు. మధ్యలో "తల ఇటు తిప్పి గడ్డం భుజానికి ఆనించండి అమ్మా" అంటారు. గొట్టం దారి తప్పి మెడ నరంలోకి ఎక్కకుండా ఉండటానికి అది. ఆ సమయంలో గుండె దడదడలాడినట్టుంటే, లేదా సెలైన్ నెట్టినప్పుడు చెవిలో హోరుమన్నట్టుంటే వెంటనే నోరు విప్పి చెప్పమనండి. మొదటిది గొట్టం కాస్త లోతుకి వెళ్లినప్పుడు, రెండోది మెడవైపు పోయినప్పుడు జరగొచ్చు, అక్కడికక్కడే సర్దుతారు. మన ఆడవాళ్లు డాక్టర్ల ముందు పళ్లబిగువున ఓర్చుకుంటారు, ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు.

చివర ఛాతీ ఎక్స్‌రే తీసి, కొస సరిగా ఉందని చూశాకే మందు ఎక్కిస్తారు. కొన్నిచోట్ల ఈసీజీతో అప్పటికప్పుడే చూస్తారు. ఇంటికి వచ్చేటప్పుడు ఒక కార్డు అడిగి తీసుకోండి. ఏ కంపెనీ లైన్, ఎన్ని సెంటీమీటర్లు లోపల, ఎన్ని బయట అనేవి దాని మీద రాసి ఉండాలి. బయట ఉన్న కొలత ముఖ్యం. ప్రతి డ్రెస్సింగ్‌కీ అది మళ్లీ కొలిచి చూసుకోవాలి. పెరిగిందంటే గొట్టం జారుతోందన్నమాట. బయటికి వచ్చినదాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ లోపలికి తోయకూడదు. ఇంకో మాట, సీటీ స్కాన్‌లో రంగు మందు వేగంగా ఎక్కిస్తారు. దానికి తట్టుకునేలా తయారుచేసిన లైన్లు వేరే ఉంటాయి. మీది ఆ రకమో కాదో కూడా రాయించుకుని, స్కాన్ వాళ్లకి ముందే చూపించండి.

మొదటి ఒకటి రెండు రోజులు కాస్త రక్తం చెమ్మ, కమిలిన మచ్చ, సలుపు ఉంటాయి. పారాసిటమాల్ వేసుకోవచ్చా అని అడుగుతారు అందరూ. కీమో మొదలయ్యాక మాత్రం ముందు థర్మామీటరు, ఆ తర్వాతే మాత్ర. పారాసిటమాల్ జ్వరాన్ని దాచేస్తుంది, ఈ వైద్యంలో జ్వరం దాగితే ప్రమాదం.

ఇప్పుడు అసలు సంగతి. పారదర్శకంగా ఉండే అంటుకునే డ్రెస్సింగ్‌ని 7 రోజులకోసారి మార్చాలి. కింద గాజుగుడ్డ పెట్టి ఉంటే 2 రోజులకే. తడిసినా, అంచు లేచినా గడువు చూడకుండా అప్పుడే మార్చాలి. విజయవాడ, గుంటూరు ఎండల్లో, ముఖ్యంగా మే నెలలో, చెమటకి అంచులు లేవడం మామూలే. లేచిన అంచు మీద ఇంకో ప్లాస్టర్ అంటించి "ఆదివారం దాకా లాగిద్దాం" అనుకోవద్దు. వారానికోసారి సెలైన్‌తో ఫ్లష్ కూడా చేయాలి, అంటే గొట్టం లోపల కడగాలి. సిరంజి 10 ఎంఎల్ లేదా అంతకంటే పెద్దదే ఉండాలి. చిన్న సిరంజిలో ఒత్తిడి ఎక్కువ పుడుతుంది, మూసుకున్న గొట్టం పగలొచ్చు. సెలైన్‌ని ఒక్కసారిగా కాకుండా కొంచెం నెట్టి ఆగి, మళ్లీ నెట్టి ఆగి పంపాలి. గొట్టం చివరనుండే మూతకి సిరంజి తగిలించే ముందు స్పిరిట్ దూదితో కనీసం 15 సెకన్లు గట్టిగా రుద్ది ఆరనివ్వాలి. ఇన్‌ఫెక్షన్ ఎక్కువగా దూరేది ఆ మూత దగ్గరే.

డ్రెస్సింగ్ సరిగా చేస్తున్నారో లేదో మీకు మీరే కనిపెట్టొచ్చు. చేసేవాళ్లు ఫ్యాను ఆపుతారు. ఎంత ఉక్కగా ఉన్నా ఆపాల్సిందే, లేకపోతే దుమ్మంతా తెరిచిన గాయం మీదే పడుతుంది. వాళ్లూ, అమ్మగారూ ఇద్దరూ మాస్కు పెట్టుకుంటారు, అమ్మగారి మొహం అవతలికి తిప్పిస్తారు. పాత అంటుని చేతి నుంచి భుజం వైపుకి, అంటే పైకి లాగుతారు. కిందకి లాగితే గొట్టం దాంతోపాటే వచ్చేస్తుంది. తర్వాత స్టెరైల్ గ్లవ్స్ మార్చుకుని, క్లోర్‌హెక్సిడిన్‌తో రుద్ది, అది దానంతటదే ఆరేదాకా ఆగుతారు. ఊదరు, విసరరు. ఇవేమీ చేయకుండా రెండు నిమిషాల్లో ముగించేవాళ్లు కనిపిస్తే మొహమాటపడకుండా ఆపమనండి. వీధి చివర ఇంజెక్షన్లు చేసే కాంపౌండరుగారు ఎంత మంచివాడైనా ఈ లైన్‌ని ముట్టుకోనివ్వొద్దు.

మీ విషయంలో కలిసొచ్చేది ఒకటుంది. కీమో రెండు వారాలకోసారి కాబట్టి ఒక వారం డ్రెస్సింగ్, ఫ్లషింగ్ పంపు విప్పడానికి విజయవాడ వెళ్లినప్పుడే అయిపోతాయి. సమస్యల్లా మధ్యలో వచ్చే వారానిదే. దానికి మళ్లీ 35 కిలోమీటర్లు పోవాలా, గుంటూరులోనే ఎవరైనా చేస్తారా అన్నది లైన్ పెట్టకముందే తేల్చుకోండి. మీ ఆస్పత్రి వాళ్లకి గుంటూరులో తెలిసిన కీమో నర్సులు ఉండొచ్చు, అడగండి. గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రి జీజీహెచ్‌లో నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది. బయట పెట్టిన లైన్‌కి అక్కడ డ్రెస్సింగ్ చేస్తారేమో వెళ్లి కనుక్కోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయిస్తుంటే, లైన్ ఖర్చు, వారపు డ్రెస్సింగ్ సామాను ఖర్చు అందులో వస్తాయా రావా అని ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర ముందే అడగండి. పంపు తగిలించే వారం కూడా చూసుకోండి. శుక్రవారం పెడితే విప్పేది ఆదివారం అవుతుంది, ఆ రోజు డే కేర్ తెరిచి ఉంటుందా?

పోర్ట్ సంగతి. పక్కింటివాళ్లు చెప్పింది కొట్టిపారేసేది కాదు. బ్రిటన్‌లో వెయ్యి మందికి పైగా క్యాన్సర్ రోగుల మీద చేసిన ఒక అధ్యయనం 2021లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పిక్ లైన్ల కంటే పోర్టులకి ఇబ్బందులు తక్కువని అందులో తేలింది. పోర్ట్ రొమ్ము పైభాగంలో చర్మం కింద ఉంటుంది, బయట ఏమీ వేలాడదు. వాడని రోజుల్లో వారపు డ్రెస్సింగ్ ఉండదు, స్నానం హాయిగా చేయొచ్చు. కాకపోతే పెట్టడానికి, తీయడానికి రెండుసార్లూ చిన్న ఆపరేషన్, ఖర్చు ఎక్కువ, వాడిన ప్రతిసారీ చర్మం మీదుగా సూది గుచ్చాలి. నన్నడిగితే, మధ్య వారం డ్రెస్సింగ్‌కి నమ్మకమైన మనిషి గుంటూరులో దొరికితే పిక్ లైన్‌కి నిశ్చింతగా ఒప్పుకోండి. దొరక్కపోతే, ఆరు నెలల వైద్యానికి పోర్ట్ పెట్టగలరా అని డాక్టరుగారిని గట్టిగానే అడగండి. ఎవరో ఒకరు చూసుకోకపోతారా అనే ధీమాతో మాత్రం పిక్ పెట్టించుకోవద్దు.

ఇంట్లో పనుల గురించి. చెయ్యి కదపకుండా ఒళ్లో పెట్టుకు కూర్చోవడం తప్పు. అలా చేస్తే భుజం పట్టేస్తుంది, రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. అన్నం కలుపుకోవడం, కూర తరగడం, జడ వేసుకోవడం అన్నీ చేయొచ్చు. నీళ్ల బిందె, తడిబట్టల బకెట్, గ్యాస్ బండ ఆ చేత్తో ఎత్తకూడదు. బస్సులో పైన కడ్డీ ఆ చేత్తో పట్టుకోవద్దు, కిటికీ వైపు కూర్చుంటే ఎవరి మోచెయ్యీ తగలదు. బీపీ, రక్తం తీయడం రెండో చేతికే.

జాకెట్టు చేతులు బిగుతుగా ఉంటే తొడుక్కునేటప్పుడు, విప్పేటప్పుడు డ్రెస్సింగ్ లాగుతుంది. ఓ నాలుగు జాకెట్లకి కుడిచెయ్యి కుట్టు విప్పించి, ప్రెస్ బటన్లు వేయించండి. దర్జీకి అరపూట పని కూడా కాదు. కీమో రోజు నర్సుకీ సులువు. స్నానానికి డ్రెస్సింగ్ చుట్టూ వంటింట్లో వాడే క్లింగ్ ఫిల్మ్ చుట్టి, పైనా కిందా టేపు వేసి, ఆ చెయ్యి పక్కకి చాపి రెండో చేత్తో చెంబుతో పోసుకోవాలి. తలస్నానం మీరో, ఇంకెవరో చేయించాలి. వైద్యం కార్తీకం దాకా సాగేలా ఉంది. కృష్ణలో మునకలు ఈ ఏడాదికి వద్దు, నెత్తిన చల్లుకుంటే చాలు.

ఆవకాయ పెట్టుకోవచ్చు. ముక్కలు కొట్టే పని మాత్రం బజారులోనే చేయించండి, జాడీలు మీ నాన్నగారు ఎత్తిపెడతారు. ఉప్పూ కారం పాళ్లు చెప్పడానికి, కలపడానికి అమ్మగారికి ఏ అడ్డూ లేదు. కీమో మధ్యలో నోరు పూస్తే తినడం కొన్నాళ్లు ఆపాల్సి ఉంటుంది, అంతే. ఆక్సాలిప్లాటిన్ ఎక్కిన తర్వాత కొన్ని రోజులు చల్లటివి తగిలితే వేళ్లు, గొంతు జివ్వుమంటాయి. ఎంత ఎండగా ఉన్నా ఫ్రిజ్ నీళ్లు, ఐస్ ముట్టుకోనివ్వకండి. పంపుని కూడా ఎండలో పెట్టొద్దు, వేడికి మందు త్వరగా దిగిపోతుంది.

వీటికి మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. 100.4 డిగ్రీలు, అంతకంటే ఎక్కువ జ్వరం. లైన్ ఫ్లష్ చేసిన గంటలోపు చలి, వణుకు, అది లైన్‌లోనే ఇన్‌ఫెక్షన్ ఉందనే మాట కావచ్చు. చెయ్యి గానీ మెడ గానీ వాయడం, రంగు మారడం, ఛాతీ మీద నరాలు ఉబ్బి కనిపించడం కూడా అంతే. రక్తం గడ్డకట్టిందేమో డాప్లర్ స్కాన్ చేసి చూస్తారు. గడ్డ ఉన్నా చాలాసార్లు రక్తం పలచబడే మందులిచ్చి లైన్ ఉంచేస్తారు, కాబట్టి "తీసేస్తారేమో" అని దాచొద్దు. గొట్టం తెగితే, తెగిన చోటికి పైన, అంటే చర్మం వైపు, మడిచి క్లిప్పు బిగించి బయలుదేరండి. మొత్తం ఊడి వచ్చేస్తే శుభ్రమైన గాజుగుడ్డతో గట్టిగా నొక్కిపెట్టి, ఊడిన గొట్టాన్ని కూడా వెంట తీసుకెళ్లండి. రాత్రిపూట ఫోన్ చేయాల్సిన నంబరు ఆ కార్డు మీదే రాయించుకుని, నాన్నగారి ఫోన్‌లో కూడా పెట్టండి. షుగర్ ఉన్నవాళ్లకి ఇన్‌ఫెక్షన్ త్వరగా అంటుకుంటుంది. పైగా వాంతులు రాకుండా ఇచ్చే స్టెరాయిడ్ వల్ల కీమో అయిన రెండు మూడు రోజులు షుగర్ పెరుగుతుంది, ఆ రోజుల్లో రెండు పూటలా చూడండి.

తీసేటప్పుడు మత్తు కూడా అక్కర్లేదు. మంచం మీదే నెమ్మదిగా లాగేస్తారు, నిమిషాల పని. బయటికి వచ్చిన పొడవు కార్డు మీది కొలతతో సరిపోయిందని నర్సు మీకు చూపించాలి. ఆ చోట గాలి దూరని ప్లాస్టర్ ఒక రోజంతా ఉంచాలి. చివరి పంపు అయ్యాక "ఎందుకైనా మంచిది, ఉంచుదాం" అని కొందరు నెలలపాటు వదిలేస్తారు. వాడని లైన్ ఇన్‌ఫెక్షన్‌కి తలుపు తెరిచి ఉంచడమే. డాక్టరుగారు ఇక అవసరం లేదనగానే ఆ వారమే తీయించేయండి.